బొట్టు పెట్టిన ప్లేటు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువప్పా. ముప్పై ఐదేండ్లు చింతామణిలో మైక్ సెట్ బాడుగకిచ్చినోణ్ణి. పెండ్లికి రెండు హారన్లు పోతే ఒకటే వాపసొచ్చేది. అడిగితే, నువ్వు తెచ్చిందే ఒకటి మునికృష్ణప్పా అని నా మొగం మీదే అనేవాళ్లు. అబద్ధం చెప్పే గొంతు నాకు ఇట్టే తెలిసిపోతాది. అందుకే అల్లుడు చేతన్, పెండ్లిండ్లలో వేసే నా సన్నాయి గ్రామఫోన్ ప్లేటు బాగేపల్లిలో వాళ్లింటికి తీసుకపోతానంటే మొదట ఇయ్యనన్నా.

ఆయప్పకు పాత ప్లేట్ల పిచ్చి. కొత్త ప్లేయర్ ఒకటి కొన్నాడు. నీ ప్లేటు అరిగిపోతాంది మామా, సీడీలోకి ఎక్కిస్తా, రెండూ పక్కపక్కన పెట్టి ఏది బాగుండాదో ఇందాం అన్నాడు. కూతురు రూప కూడా బతిమాలింది. సరే అని ఇచ్చినా. ఇచ్చిన దినం నుంచి మనసు మనసులో లేదు. బెంగళూరులో ఇట్లాంటి ప్లేట్లకు భలే గిరాకీ ఉండాదంట.

దానికోసం ఇంత యాతన ఎందుకంటారా? ఒక ఆయుధపూజ దినం నా భార్య శశికళ యాంప్లిఫైయర్‌కు, హారన్లకు, వైర్ల చుట్టకు కూడా పసుపు కుంకుమ పెడతా వచ్చింది. ఆ చేత్తోనే సన్నాయి ప్లేటుకూ పెట్టేసింది. మధ్యలో కాగితం మీద పెట్టుంటే సరిపోయేది. నల్ల గీతల మీద పెట్టింది, అదీ తడి కుంకుమ. బుద్ధుందా నీకు, కూడు పెట్టే ప్లేటు చెడగొడితివే అని అందరి ముందర తిట్టినా. దానికి మాత్రం బొట్టు వద్దా అనింది. రెండు దినాలు నాతో మాట్లాడలేదు.

టవల్‌తో తుడిచినా ఒక చుక్క గీతలో ఉండిపోయింది. అప్పట్నుంచి గట్టిమేళం మొదలయ్యే ముందు ఆ ప్లేటు ఒకసారి టక్ అంటాది. పేరేసంద్ర కానీ మిట్టేమరి కానీ, యాడ పెండ్లికి పోయినా టక్ అనేది, నేను శశికళను తిట్టుకుంటా గొణుక్కునేవాణ్ణి. ఆమె పోయి నాలుగేండ్లాయ. ఊరందరి గొంతులు మైకులో వినిపించినోణ్ణి, ఆమె గొంతు ఒక్క క్యాసెట్టులో కూడా పట్టి పెట్టుకోలేదు. నా మాదిరి తిక్కలోడు ఇంకొకడుంటాడా? నాకు మిగిలింది ఆ టక్ ఒకటే.

మొన్న ఆదివారం ఇద్దరూ వచ్చినారు. చేతన్ తన ప్లేయరూ, సీడీ ప్లేయరూ మా నడింట్లో పెట్టి, కండ్లు మూసుకో మామా, ఏది ప్లేటో ఏది సీడీనో నువ్వే చెప్పాల అన్నాడు. మూసుకున్నా. మొదటిది కడిగిన గాజు మాదిరి ఉండాది. గట్టిమేళం వచ్చింది, టక్ రాలేదు. ఇది సీడీ అన్నా. రెండోది మొదలైంది. సన్నాయి నిండుగా, పక్కనే కూర్చొని వాయిస్తాండారేమో అన్నట్ల ఉండాది. చెవి అంతా అక్కడే పెట్టినా. గట్టిమేళం వచ్చేసింది. టక్ లేదు.

కండ్లు తెరిచినా. ప్లేయర్ ముల్లు నల్ల ప్లేటు మీదే ఉండాది. దాన్ని ఎత్తి, ప్లేటు చేతికి తీసుకొని మధ్య కాగితం చూసినా. పెండ్లిండ్లలో ప్లేట్లు తారుమారు కాకుండా మా మైక్ సెట్ వాళ్లం సిరాతో పేర్లు రాసి పెట్టుకుంటాం. నా పేరు లేదు. ఒళ్లంతా మండిపోయింది.

"నా ప్లేటు యాడ అమ్మినావప్పా?"

రూప మొగం పాలిపోయింది. చేతన్ మాత్రం గొంతు పెంచలేదు. "ఇది నీదే మామా," అన్నాడు. ఆ గొంతులో అబద్ధం కోసం ఎంత వెతికినా దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆయప్ప ఫోన్ తీసి వీడియో చూపించినాడు. బేసిన్‌లో సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు. పసిబిడ్డకు నీళ్లు పోసినట్ల ప్లేటు కడుగుతాండాడు. నా పేరు నీలంగా కరిగి పోయింది. తర్వాత బ్రష్షు ఒక చోట ఆగింది. తెల్ల నురుగులో ఎర్రగా ఒక చుక్క తేలింది. ఇదొకటి వదలడానికి అర్ధగంట పట్టింది మామా అని సంతోషంగా చెప్పినాడు.

దొంగతనమైతే పోలీసుల దగ్గరికైనా పోదును. ప్రేమగా కడిగినోణ్ణి ఏం చేసేది? ఆ చుక్క ఎవరిదో మెల్లగా చెప్పినా. తప్పుడు మాటన్నా, మనసులో పెట్టుకోవద్దప్పా అని కూడా చెప్పినా. ఆయప్ప తలొంచుకొని కూర్చున్నాడు. కంప్యూటర్‌లో అట్లాంటి టక్ ఒకటి పెట్టొచ్చు మామా అన్నాడు. వద్దన్నా.

రూప లేచి పోయి కుంకుమ బరిణె, గ్లాసులో నీళ్లు తెచ్చింది. వాళ్లమ్మ మాదిరే ఉంగరం వేలు తడిపి గీతల మీద బొట్టు పెట్టింది. నేను ఆ పొద్దు తుడిచినట్లే టవల్‌తో తుడిచినా. ఆరినంక చేతన్ ముల్లు పెట్టినాడు. ముగ్గురం ప్లేయర్ దగ్గరికి జరిగి కూర్చున్నాం.

గట్టిమేళం వచ్చేసింది. ఇంగ లేదులే అనుకున్నంక, ఆ డోళ్ల మధ్యలో యాడనో టక్ అనింది.

"సరిగ్గా అక్కడే వచ్చిందా నాయనా?" అని అడిగింది రూప.

"అక్కడేనమ్మా," అన్నా.