వీపు కనిపించే షాట్

సెలూన్‌లో క్షవరం అయిపోయాక తల వెనక అద్దం పట్టి చూపిస్తారు కదా, సరిగ్గా ఆ క్షణంలో హరికిషన్ కళ్లు మూసుకుంటాడు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. యాప్రాల్‌లో ఆయనకు జుట్టు కత్తిరించే మనిషి "బాగుందా సార్?" అని అడిగితే, చూడకుండానే "ఫస్ట్ క్లాస్" అనేస్తాడు. పెద్దాయనకు బట్టతల బెంగ కాబోలని ఆ మనిషి లోలోపల నవ్వుకుంటాడు. బెంగ కాదు, భయం. అద్దంలో కనిపించే ఆ మెడ, ఆ భుజాలు తనవి కావని, రాములువని భయం.

రాములు ఆయనకు డూప్. హరికిషన్ కరాటేకి వంక పెట్టడానికి లేదు. సికింద్రాబాద్‌లో పిల్లలకు కరాటే నేర్పుతూ సినిమాల్లోకి వెళ్లినవాడు, తన్నే తన్నూ గుద్దే గుద్దూ సొంతవే. ఎత్తు దగ్గరే వచ్చింది చిక్కంతా. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కాళ్లు వణికే వీరుడాయన. అందుకని దూకాల్సి వచ్చినప్పుడల్లా అదే రంగు చొక్కా తొడుక్కుని రాములు దూకేవాడు. వెనక నుంచి చూస్తే ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు.

పన్నెండో సినిమాలో, రైస్ మిల్లు కప్పు మీంచి సందు దాటి అవతల బాగా కిందున్న మేడ మీదకు దూకే షాట్ ఒకటుంది. 'డూప్ లేకుండా' అని పోస్టర్ల మీద అచ్చేశారు. ఆ ఒక్క దూకుతో హరికిషన్ స్టారైపోయాడు. ఆ షాట్ తీసిన రోజే రాములు చచ్చిపోయాడు. షూటింగ్ అయ్యాక నిచ్చెన మీంచి జారిపడ్డాడని కంపెనీవాళ్లు ఇంటివాళ్లకు చెప్పారు. పక్కనే నిలబడి హరికిషన్ తలాడించాడు. జీవితంలో ఆయన చేసిన నటనంతటిలో గొప్పది ఆ తలాడింపే.

ఇప్పుడు పాత సినిమాలను మళ్లీ విడుదల చేసే పిచ్చి పట్టుకుంది కదా, ఈ సినిమానూ తుడిచి మెరుగుపెట్టి బయటికి తీశారు. సికింద్రాబాద్‌లో గోడ గోడకీ పోస్టర్లు. ఆ వారంలోనే ఒక పొద్దున, అరవైకి దగ్గరపడిన ఒకావిడ బస్సు దిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"సారూ, నేను రాములు భార్యను, విమలమ్మను. రెజిమెంటల్ బజార్ నుంచి వచ్చిన."

హరికిషన్ గేటు గడియ తీశాడు. "లోపలికి రాండ్రి, కూసోండ్రి" అన్నాడు.

"కూసునేందుకు రాలే. మీ సినిమా మల్ల ఏస్తున్నరట. ఇన్నేండ్లు నేను గా సినిమ చూడలే, పానం ఒప్పలే. ఇంట్ల ఒక్క ఫోటో ఉన్నది. అండ్ల నిలవడే ఉంటడు. ఉరుకుతె ఎట్లుంటుండెనో మర్చిపోతున్న సారూ, గదే నా పరేషాన్. ఏ షాట్ల మా ఆయన ఉన్నడో మీకే ఎరుక. జెర పక్కన కూసోని చూపెడతరా?"

కాదనడానికి నోరు రాలేదు. సరేనన్నాడు గానీ, ఆ తర్వాత మూడు రోజులూ తర్జనభర్జన పడ్డాడు. ఆ సినిమాలో రాములు నిండుగా కనిపించేది ఆ దూకులోనే. అది చూపిస్తే తన బతుకును నిలబెట్టిన అబద్ధం కూలిపోతుంది, నిచ్చెన కథా బయటపడుతుంది. చూపించకపోతే ఆవిడ సొంత మొగుణ్ని కళ్ల ముందు పెట్టుకుని కూడా చూడకుండా ఇంటికి పోతుంది. చెప్పకూడదనే నిర్ణయించుకున్నాడు. పిరికితనం ఆయనకు కొత్తేమీ కాదు.

ఆదివారం ఉదయం ఆట. టోపీ, మాస్కు పెట్టుకుని బాల్కనీ చివరి వరసలో ఆవిడ పక్కన కూర్చున్నాడు. కింద కుర్రాళ్లు కాగితాలు ఎగరేస్తూ ఈలలు వేస్తున్నారు. ఎవరు గెంతినా, ఎవరు పడినా విమలమ్మ "గీయననా?" అని అడుగుతోంది. ఆయన కాదంటున్నాడు. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ తెర వైపు తిరుగుతోంది.

మిల్లు కప్పు వచ్చింది. ఎర్రచొక్కా వీపు పరుగెత్తి గాలిలోకి లేచింది. ఈసారి ఆవిడ అడగలేదు. ఇది హీరో దూకే కదా అనుకుందేమో, పక్కకు చూసి వక్కపలుకు నోట్లో వేసుకుంటోంది. అది చూసి హరికిషన్ ఉండబట్టలేకపోయాడు.

"గదే. గాయనే రాములు."

ఆవిడ తలెత్తేసరికి తెర మీద హరికిషన్ మొహం వచ్చేసింది. అయితే హాలంతా "వన్స్ మోర్" అని గోల పెట్టింది. ఆపరేటర్ వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. విమలమ్మ ముందుకు వంగి, రెప్ప వేయకుండా చూసింది.

"వీపే కనవడ్డది" అంది.

ఆయన లేచి ఆవిణ్ని బయటికి, మెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంక ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

"నిచ్చెన లేదు, ఏం లేదు విమలమ్మా. గిప్పుడు చూసినవు గద, గా దుంకుట్లనే పోయిండు. మొదటిసారి మంచిగనే దుంకిండు, డైరెక్టర్ సుత ఓకే అన్నడు. నేనే వన్ మోర్ అన్న."

"ఎందుకు?"

"అండ్ల ఆయన మొకం కనవడ్డది. డూప్ అని తెలిసిపోతదని అన్న. కింద ఆయన పడేకాడ ఏసిన అట్టపెట్టెలు నలిగినయి, కొత్తయి పెట్టేదాంక ఆగుదాం సార్ అన్నడు రాములు. వెలుగు పోతున్నదని నేనే తొందరపెట్టిన. నేనే సంపిన."

తిడుతుందనుకున్నాడు. చెప్పు తీసి కొట్టినా బాగుండునని నిజంగానే కోరుకున్నాడు. లోపల జనం ఆయన పేరే అరుస్తున్నారు. విమలమ్మ మెట్టు మీద కూలబడింది.

"మొకం కనవడ్డదా?" అంది. "గా మొదటిది ఏడున్నది?"

"లేదు. పనికిరాదని పారేసిండ్రు."

"చూసినోళ్లు ఉన్నరా?"

"డైరెక్టర్ పోయిండు. కెమెరా ఆయన పోయిండు. నేనొక్కన్నే."

"అయితె చెప్పు."

గోడ పట్టుకుని ఆయన చెప్పాడు. పరుగెత్తుకొచ్చి లేచాడనీ, గాలిలో ఉండగా తల ఇటు తిప్పాడనీ, జుట్టు కళ్ల మీద పడిందనీ, పెట్టెల మీద పడి వాటి మధ్యే కూర్చుని నవ్వాడనీ, తలలో ఇరుక్కున్న అట్టముక్క తీసేసుకుంటూ "సరిపోయిందా సార్?" అని అడిగాడనీ చెప్పాడు. విమలమ్మ కళ్లు మూసుకుని విన్నది.

ఆయన ఆపగానే, కళ్లు తెరవకుండానే, "మల్ల చెప్పు" అంది.

హరికిషన్ మొదటి నుంచి చెప్పాడు. అయిపోయింది.

"మల్ల" అంది.