నా పసుపు, పాప మణికట్టు

నేను ఒక విటమిన్‌ని. పేరు రైబోఫ్లేవిన్, బి-టూ అని పిలిచినా పలుకుతాను. పుట్టుకతోనే పసుపు. పెద్ద స్టీలు తొట్టిలో, చక్కెరనీళ్లు తాగి బతికే సూక్ష్మజీవులు నన్ను కన్నాయి. నాతో పుట్టినవాళ్లు కొందరు కస్టర్డు పొడికి రంగు వేయడానికి వెళ్లారు. వాళ్లను చూసి మనుషులు లొట్టలేస్తారు. నేను మందు సీసాలోకి వెళ్లాను.

సిరిసిల్లలో మౌనిక అనే అమ్మాయి నన్ను ఇంటికి తీసుకెళ్లింది. ఆమె నాలుగేళ్ల కూతురు అక్షితకు నోరు పూసి, పెదవుల మూలలు పగిలి, వారం నుంచి ముద్ద దిగడం లేదు. రోజూ ఒక చెంచా పట్టమన్నాడు డాక్టరు. నాలుగో రోజుకు పిల్ల రొట్టె అడిగింది. నన్నెవరూ మెచ్చుకోలేదు. తనకు కావలసినంత ఉంచుకుని, మిగిలిన నన్ను ఒళ్లు మూత్రంలో పంపేస్తుంది. రంగు మాత్రం నాతోనే వస్తుంది. ఆ సంగతి డాక్టరు చెప్పలేదు.

మౌనిక చూసింది. అత్తను కేకేసింది.

"అత్తా, పిల్ల పసుపు లెక్క పోస్తున్నది!"

అత్త భూలక్ష్మి ఆ మూత్రంలో నాలుగు బియ్యపు గింజలు వేసింది. గింజలు పచ్చబడితే కామెర్లని ఆమె లెక్క. పచ్చబడ్డాయి. నేనున్న చోట ఏం వేసినా అంతే. పిల్ల కళ్లు తెల్లగానే ఉన్నాయి గానీ, వాటినెవరూ అడగలేదు.

"కామెర్లే బిడ్డా. రేపు పదకొండు బస్సుకు పోయి వాత పెట్టిద్దాం. మీ మామకు గట్లనే తగ్గింది."

వాత అంటే, కాల్చిన ఇనుప కడ్డీని మణికట్టుకు ఆనించడం. పిల్ల మణికట్టు మౌనిక రెండు వేళ్లంత ఉంటుంది.

మర్నాడు పొద్దున మౌనిక సీసా ముందు నిలబడింది. పాప తినేవన్నీ తనూ తింటుంది, ఇదొక్కటి తప్ప. మూత తీసి రెండు చెంచాలు తాగేసింది. పది దాటాక బాత్రూం నుంచి నవ్వుకుంటూ వచ్చింది.

"అత్తా, నాక్కూడ కామెర్లయినయ్. నాక్కూడ వాత పెట్టియ్యి."

"నీకేం రోగమే? పొద్దున నాలుగు రొట్టెలు తిన్నవ్!"

"నీ మనవరాలు రెండు తిన్నది. నేనూ గా మందే తాగిన. కావాల్నంటే బియ్యం తెచ్చి ఏసి సూడు."

భూలక్ష్మి బియ్యం తేలేదు. సీసా అందుకుని, కోడలి మీద నమ్మకం లేనట్టు మొహం పెట్టి, తనూ రెండు చెంచాలు తాగింది. బస్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆమె బాత్రూం నుంచి వచ్చి, ఎవరి వంకా చూడకుండా, ప్రయాణానికి కట్టుకున్న చీర విప్పి మడతపెట్టింది.

ఆ రోజు ఆ ఇంటి నుంచి మూడుసార్లు వీధి మోరీ కాలువలో కలిశాను. ఎండ తగిలి నా రంగు కాసేపట్లో వెలిసిపోయింది. పాప చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉంది.