రెండు నొక్కిందెవరు

ఫోను తెర మీద డాక్టరమ్మ వెనక ఒక కిటికీ కనిపిస్తుంది. దాని పరదా ఎప్పుడూ కదలదు. మొదట్లో ఆ పరదాను చూసి ఈమె నిజం డాక్టరు కాదని వాదించాను. అప్పటికి నా జబ్బు బాగా ముదిరి ఉంది. అది ఫోను పెట్టే బొమ్మేనని మా ఆయన ఓపిగ్గా చూపించాడు. నమ్మాను. అయినా మాట్లాడుతున్నంతసేపూ నా చూపు ఒకసారైనా దానిమీదికి పోతుంది.

నా జబ్బు పేరు పొడుగ్గా ఉంటుంది. అది చేసే పని మాత్రం ఒకటే, అనుమానం. నా గొంతుతో ఎవరో ఫోన్లలో మాట్లాడుతున్నారని ఇల్లంతా హడలెత్తించాను. ఒకసారి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయానట కూడా. మాత్రలు పడ్డాక అదంతా సద్దుమణిగింది. మళ్లీ బట్టల కంపెనీలో కటింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లాను. పొరలు పొరలుగా పరిచిన గుడ్డను కరెంటు కత్తితో గీత వెంబడి కోసే పని నాది. రెప్ప వాలితే గుడ్డయినా పోతుంది, వేలయినా పోతుంది. ఆ కత్తి మళ్లీ నా చేతికిచ్చిన రోజునే నాకు బాగయిందని నేను నమ్మాను.

ఆ రోజు డాక్టరమ్మ, "రాత్రి మాత్ర ఇంకాస్త పెంచుదాం" అంది.

"ఇప్పటికే పగలు నిద్ర ఆగడం లేదండీ."

"రాత్రి నిద్ర లేకపోతే పగలు అలాగే తూగుతారమ్మా. మీ జవాబులను బట్టే కదా మీకు సరిపడేలా మోతాదు కుదురుస్తున్నది. నిద్ర పట్టిందా అంటే రోజూ రెండే నొక్కుతున్నారు. గుండె దడ ఉందా అన్నా రెండే."

అప్పుడు గుర్తొచ్చింది. మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో సాయంత్రాలు ఒక రికార్డు గొంతు ఫోను చేసేది. బాగుంటే ఒకటి, బాగాలేకపోతే రెండు నొక్కాలి. కొన్నాళ్లకు అది రావడం మానేసింది. మానేసిందనే నేననుకున్నాను. పగలు వస్తోందన్నమాట. కంపెనీలోకి ఫోన్లు రానివ్వరు. నాది పగలంతా ఇంట్లో అలమారాలోనే ఉంటుంది.

నా బదులు ఎవరో జవాబులిస్తున్నారన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. అది అచ్చం నా జబ్బు మాట్లాడే మాట. అన్నానంటే మాత్ర రెట్టింపవుతుంది.

పగలు ఇంట్లో ఉండేది ఇద్దరే. మా ఆయన బస్సు డిపోలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుంటాడు. మా అత్తయ్య వంటపని చూసుకుంటుంది. నేను మత్తులో ఉంటే మా ఆయనకు గొడవ ఉండదు. నేను మత్తులో ఉంటే ఇంటి పెత్తనం అత్తయ్యదే. అనుమానం పెనుభూతం అంటారు. నా భూతానికి మందుంది. మందు వేసుకున్నాక కూడా కనిపించే దాన్ని ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

అన్నం దగ్గర మెల్లగా కదిపాను. "అత్తయ్యా, పగలు నా ఫోనేమైనా మోగుతోందా?"

"నీ ఫోను సంగతి నాకేం తెలుసమ్మా." ఆమె నా ముఖం చూడలేదు.

"మళ్లీ ఫోన్ల గోలా?" అన్నాడు మా ఆయన.

"ఊరికే అడిగానండీ."

"నువ్వు ఊరికే అడిగితేనే నాకు భయం." నవ్వుతూనే అన్నాడు. కానీ వాళ్లమ్మ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు గుచ్చుకుంది.

పెంచిన మాత్ర పనిచేయడం మొదలుపెట్టింది. టేబుల్ దగ్గర నిలబడే కునికాను. కళ్లు తెరిచేసరికి కత్తి గీత దాటి చొక్కా చేతుల ముక్కల్లోకి పోయింది. కింది పొర దాకా అన్నీ పాడు. మేము గడియారం అని పిలుచుకునే సూపర్వైజరు వచ్చి చూశాడు.

"ఏంటమ్మా, గీత ఇక్కడుంటే నీ కత్తి పుట్టింటికి పోయిందా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "వారం రోజులు దారాలు కత్తిరించు. అప్పటికీ ఇంతే అయితే టేబుల్ ఇంకొకరికిస్తా. రేపు నీ వేలు తెగితే జవాబు చెప్పుకోవాల్సింది నేను."

మర్నాడు పనికని బయల్దేరి, వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చాను. వంటింటి కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపలి గదిలో మా ఆయన గురక వినిపిస్తోంది. అంటే ఒక దొంగ తప్పుకున్నట్టే. వంటింట్లోనే నా ఫోను మోగింది. అత్తయ్య తరుగుతున్న ఉల్లిపాయ వదిలి, చెయ్యి తుడుచుకుని ఎత్తి, స్పీకరు పెట్టింది.

"నమస్కారం. నిన్న రాత్రి మీకు నిద్ర పట్టిందా? పడితే ఒకటి, పట్టకపోతే రెండు నొక్కండి."

"ఎక్కడ పడుతుంది తల్లీ! వాడు డ్యూటీకి పోయాక, ఈ పిల్ల మళ్లీ లేచి ఏ వీధిన పడుతుందోనని తలుపుకడ్డంగా పడుకుంటున్నా. రెండే."

"గుండె దడగా అనిపిస్తోందా? లేకపోతే ఒకటి, ఉంటే రెండు."

"అనిపించదా మరి? ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినదానివి నువ్వొక్కదానివే. రెండు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆమె బెంగకు మాత్రలు నేను మింగుతున్నాను.

"ఎవరైనా మీకు హాని చేస్తారని భయంగా ఉందా?"

అత్తయ్య వాకిలి వైపు చూసింది. "మంచిపిల్లే" అంది చిన్నగా. "కానీ తలుపు తీసుకుని పోయిన ఆరోజు దాని కళ్లు నేను చూశాను కదా. ఇప్పుడు రోజంతా కత్తితోనే పని." రెండు నొక్కింది.

నా నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్లాను. తేలు కుట్టిన దొంగలా ఆమె ఫోను చీర మడతలో దాచింది.

"ఎవరత్తయ్యా?"

"రాంగ్ నంబరు."

సాయంత్రానికే డాక్టరమ్మ దొరికేలా చూసుకున్నాను. ముగ్గురం ఫోను ముందు కూర్చున్నాక చెప్పేశాను. "ఆ జవాబులు నావి కాదండీ. మా అత్తయ్యవి."

మా ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మొదలైంది. డాక్టరుగారూ, అప్పుడూ ఇలాగే అనేది."

"నాకు నంబర్లే రావు, నేనెక్కడ నొక్కుతానమ్మా!" అంది అత్తయ్య. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

డాక్టరమ్మ నన్నే చూస్తోంది. నా మాటను తూస్తోందో, జబ్బును తూస్తోందో తెలియలేదు. ఇప్పుడు గొంతు పెంచితే ఓడిపోతాను.

"ఫోను మీ అత్తగారికివ్వండి. మీరిద్దరూ కాసేపు బయట ఉండండి" అంది ఆమె.

మెట్ల మీద కూర్చున్నాం. మా ఆయన, "నువ్వంటే అమ్మకు భయం. తెలుసా నీకు?" అన్నాడు.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు బాగుపడ్డప్పట్నుంచి. నీకు చెబితే నొచ్చుకుంటావని..."

లోపల అత్తయ్య గొంతు ఆగి, మళ్లీ మొదలవుతోంది. ఒక్క మాటా అందడం లేదు. కత్తి గురించి చెబుతోందా? నా కళ్ల గురించా? లేచి తలుపుకు చెవి పెట్టాలనిపించింది. రెండు చేతులతో మెట్టు అంచు పట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. అత్తయ్య ముక్కు ఎర్రబడింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"ఈ రాత్రి నుంచే పాత మోతాదు వేసుకోండి" అంది డాక్టరమ్మ. "ఫోను సాయంత్రం వచ్చేలా మారుస్తాను. మీరే ఎత్తండి. వారంలో మళ్లీ చూద్దాం."

"మా అత్తయ్య ఏం చెప్పారండీ?"

"అది ఆవిడ చెప్పుకున్నది. మీరు చెప్పుకున్నది ఆవిడకు చెబుతున్నానా?"

డాక్టరమ్మ ఫోను పెట్టేశాక మా ఆయన వాళ్లమ్మ వెంటపడ్డాడు. "అంతసేపు ఏం చెప్పావమ్మా?"

"నీకెందుకురా? నాక్కూడా విడిగా చేస్తుందట, ఆ నిద్ర పట్టిందా అని అడిగే పిల్ల, నా ఫోనుకే. పొద్దున పూట." నా వైపు తిరిగింది. "అప్పుడు మాత్రం ఎవరూ ఇంట్లో ఉండొద్దు."

సరేనన్నాను. మూడో ప్రశ్నకు ఇకమీదట ఆమె ఏం నొక్కుతుందో నాకు తెలిసే దారి లేదు. ఆ రాత్రి పాత మాత్రే తీసి ఆమెకు చూపించి మరీ మింగాను. ఆమె నీళ్ల గ్లాసు అందించింది, మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ.