అమీర్‌పేటలో ఆఖరి మనిషి

భూమ్మీద మిగిలిన ఆఖరి మనిషిగా నటించమంటే లెవీ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. భార్య లోయిస్ పోయిన దగ్గర్నుంచి అతనికి మనుషులంటేనే భయం. కనబడ్డ ప్రతివాళ్లూ "ఎట్లున్నవ్?" అంటారు. దానికి జవాబు చెప్పలేక చర్చి మానేశాడు, పాటలు మానేశాడు, లోయిస్ అక్క నవోమి ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు.

సినిమా తీసేది నరేందర్. యూసుఫ్‌గూడలో టైలర్ షాపు, తలనిండా సినిమా పిచ్చి. పావుగంట సినిమా కోసం నోరు కట్టుకుని కెమెరా అద్దెకు తెచ్చాడు. జనం లేని అమీర్‌పేట ఎక్కడైనా ఉంటుందా? ఆదివారం తెల్లవారుజామున దొరికితే దొరకాలి. అలా అతను ఖాయం చేసిన ఆదివారం ఈస్టర్ అని పాపం అతనికి తెలియదు. తెలిసిన లెవీ నోరు విప్పలేదు. ఆ వేళకి వాళ్ల సంఘమంతా కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్తుంది. లోయిస్ అక్కడికి చేరాక ఇదే మొదటి ఈస్టర్. వెళ్లే ధైర్యం లేదు. షూటింగ్ ఉందంటే ఎవరూ ఏమీ అనలేరు కదా!

మెట్రో స్టేషన్ కింద నరేందర్ అతని మొహానికి మసి పూసి, శ్రద్ధగా కుట్టి మరీ చింపిన చొక్కా తొడిగాడు.

"గొంతు చించుకోని ఒర్రాలె అన్నా. జవాబు రావద్దు. గంతే సీను."

లెవీ రోడ్డు మధ్యకు పోయి అరిచాడు. "ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నం అన్నా! ఏ రూమ్?" పైనున్న హాస్టల్ కిటికీలో, నోట్లో బ్రష్షుతో ఓ అమ్మాయి.

ప్రళయమొచ్చినా అమీర్‌పేట హాస్టళ్లు ఖాళీ కావు. నరేందర్ తల పట్టుకున్నాడు. "జర సప్పుడు జెయ్యకు చెల్లె!" అని బతిమాలి మళ్లీ కెమెరా తిప్పాడు. ఇక బస్సులు మొదలవుతాయి, ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

"ఎవరైనా ఉన్నారా?" అని అక్కడితో ఆగలేదు లెవీ. "లోయిస్!" అని పిలిచాడు. అది కథలో లేదు. ఇన్ని నెలలు గుండెలో తొక్కిపెట్టిన పేరు. పిలిచాక రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాడు. కెమెరా ఆపడం నరేందర్ మరిచిపోయాడు.

అంతలో మధురానగర్ వైపు నుంచి పాట వినిపించింది. తెల్లబట్టలు, కొవ్వొత్తులు. ఏటా సంఘం చర్చి ముందు ఎక్కే బస్సు ఈసారి ఇక్కడే, మైత్రీవనం దగ్గర ఆగుతుందని ఫోనెత్తని లెవీకి ఎవరు చెప్తారు?

"గది మా మరిది గొంతే!" నవోమి పరుగున వచ్చింది. ఆ మసి, ఆ చింపిరి చొక్కా చూసి నిలబడిపోయింది. ఎట్లున్నవని అడగలేదు. ఆమె చేతిలో రెండు కొవ్వొత్తులున్నాయి, ఒకటి ఇంకా వెలిగించలేదు. దాన్ని అతని చేతిలో పెట్టింది.

"నువ్వు రాకపోతే లోయిస్‌కు ఏం జెప్పాల్నని ఆలోచన జేసుకుంట వస్తున్న."

లెవీ నరేందర్ వైపు చూశాడు.

"పో అన్నా. సినిమాకేంది, మళ్ల తీద్దాం," అన్నాడు నరేందర్ ముక్కు తుడుచుకుంటూ. నాలుగడుగులు పోయాక వెనక నుంచి కేకేశాడు. "చొక్కా పైలం! ఇంక చింపకు!"

బస్సులో సంఘపెద్ద దయానందం అతన్ని ఎగాదిగా చూసి అడగనే అడిగాడు. "ఎట్లున్నవ్ లెవీ?"

"బాగ లేనన్నా," అన్నాడు లెవీ.

దయానందం కిటికీ వైపు జరిగి, పక్కన చోటిచ్చాడు.