రెండు సెకన్లు దాటిన జవాబులు

చెల్లెలిది విచిత్రమైన ఉద్యోగం. తెర మీద బొమ్మ పడగానే ఎదుట కూర్చున్న మనిషి దాని పేరు చెప్పాలి. ఎంతసేపటికి చెప్పారో యంత్రం కొలుస్తుంది. మళ్లీసారి ఎంతసేపు పడుతుందో చెల్లెలు రాసిన ప్రోగ్రాం ముందే చెప్పేస్తుంది.

కొత్త బొమ్మలు తయారైనప్పుడల్లా మొదట కూర్చునేది అక్కే. అమ్మ పోయాక చెల్లెల్ని పెంచింది ఆవిడే. చివరి బొమ్మ ఎప్పుడూ ఒకటే, చెల్లెలి చిన్ననాటి ఫొటో. అది చూడగానే అక్క "బుడంకాయ్!" అని పకపకా నవ్వేది. ఆ ముద్దుపేరు పెట్టిందీ తనే.

ఆ ప్రయోగశాలలో ఒక రివాజు ఉంది. రెండు సెకన్లు దాటిన జవాబును కొట్టేస్తారు. మనిషి పరధ్యానంలో ఉన్నట్టు లెక్క. ఆరేళ్లుగా అక్క జవాబుల్నీ చెల్లెలు అలాగే కొట్టేసింది. పైగా "నీ ధ్యాసంతా పొయ్యి మీది పాల మీదే" అని ఆటపట్టించేది. అంత చదువూ చదివి ఎంత గుడ్డితనం!

మొన్న సోమవారం ఏదో తప్పు వెతుకుతూ, కొట్టేసినవన్నీ వెనక్కి తెచ్చింది. మొదటి ఏడాది అక్కవి రెండు. నిరుడు నలభై ఒకటి. తాళంచెవి, దువ్వెన, గరిటె, అన్నీ రోజూ చేతిలో ఆడేవే.

వాటిని కూడా కలిపి ప్రోగ్రాం నడిపింది. ఈసారి ఫొటోకు పట్టే సమయం రెండు వేల మూడు వందల మిల్లీసెకన్లని వచ్చింది. నిరుడు తొమ్మిది వందలే. పక్కనున్న వచ్చే ఏడాది గడిని చూసే ధైర్యం చాలక తెర ఆపేసింది. ఐదు సెకన్లు దాటేలా ఉంటే జవాబు రాదని ఆ గడిని ప్రోగ్రాం ఖాళీగా వదిలేస్తుంది.

తన లెక్క తప్పాలని చెల్లెలు మొదటిసారి కోరుకుంది.

ఈ మధ్యాహ్నం అక్క వచ్చింది.

"ఏమిటే, మొహం అలా వేలాడేశావు?"

"ఏం లేదక్కా, కూర్చో."

బొమ్మలన్నీ అయ్యాక ఫొటో పడింది. అక్క పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వేళ్లు బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"బుడంకాయ్!" అని పందెం గెలిచినట్టు నవ్వింది. "చూశావా, ఠక్కున చెప్పేశాను!"

"అవునక్కా, ఠక్కున చెప్పావు."

యంత్రం చూపించింది రెండు వేల మూడు వందల పది.

అక్క మంచినీళ్లకు లేచి వెళ్లాక, చెల్లెలు వచ్చే ఏడాది గడి తెరిచింది. అందులో అంకె లేదు.