ఉపదేశిగారి బైసికిలుకి బండి కందెన

మా ఆయన యెహెజ్కేలు ఉపదేశి. కాలవ గట్టు వెంబడి మూడు పేటల్లో పిల్లలకి అక్షరాలూ, పెద్దలకి వాక్యమూ చెప్పేవారు. ఆయన కుడికాలు బోదకాలు. నాలుగు చినుకులు పడితే చాలు, జ్వరమొచ్చి కాలు ఇంతలావున పొంగేది. నడవలేని ఉపదేశి ఎందుకని రాజమండ్రి మిషను దొరగారు ఆయన్ని తీసేద్దామనుకున్నారు. రాణిగారి జూబిలీ అయిన మరుసటేడు, ఏ కళనున్నారో ఏమో, తన పాత బైసికిలు ఇచ్చి, "దీనిమీద తిరగగలిగితే ఉంటావు, లేకపోతే లేదు" అన్నారు. ఇక మా కూడూ గుడ్డా ఆ రెండు చక్రాల మీదే అన్నమాట.

నూనె సంగతి దొరగారు నా ఎదుటే చెప్పారు. ముందు గొలుసు గుడ్డతో తుడవాలి. పల్చటి నూనె కణుపు కణుపుకీ ఒక్కో చుక్క వెయ్యాలి. చక్రం తిప్పి, పైకి కనబడే నూనెంతా మళ్ళీ తుడిచెయ్యాలి. లోపలికి దిగినదే పనిచేస్తుంది, పైనున్నది దుమ్ము పట్టడానికేనట. ఆయనిచ్చిన సీసా అయిపోయాక నువ్వులనూనె వేశాం, జిగురు కట్టింది. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి వేస్తే కుదిరింది గానీ, వానలో తడిసిందంటే మళ్ళీ కీచుమనేది.

పెద్దవీధిలో బైసికిలెక్కి పోయే యోగం మా ఆయనకి లేదులెండి. ఆసామి బుల్లబ్బాయిగారి లోగిలి వచ్చేసరికి దిగి, చెప్పులు చంకన పెట్టుకుని, దాన్ని నడిపించుకుంటూ పోవాలి. మా పేటంతా కోతలకెళ్ళేది ఆయన పొలానికే మరి. ఓ పొద్దున్న అలాగే పోతున్నాం, నేను గంజికుండతో వెనకాల. ముందురోజు వానకి గొలుసు ఒకటే కూత.

"ఏరా యెహెజ్కేలూ, ఏంట్రా ఆ గోల, పందిని కోసినట్టు!" అన్నారు బుల్లబ్బాయిగారు అరుగు మీంచి. పాలేరుని కేకేసి, "ఒరే వెంకన్నా, మన బండి కందెన కాస్త వీడికి పడెయ్యి" అన్నారు.

కందెనంటే ఆముదంలో గడ్డి కాల్చిన మసి వేసి నూరిన ముద్ద. బండి ఇరుసుకి అది ప్రాణం. బైసికిలు గొలుసుకి మాత్రం బురద పూసినట్టే. నేను వెనకనించి పైపంచె పట్టుకు లాగాను. వింటేనా! ఆకులో పడేసిన ముద్దని రెండు చేతులా అందుకుని, ఆసామి చూస్తుండగానే గొలుసంతా దట్టంగా మెత్తారు. కూత ఆగింది. బుల్లబ్బాయిగారు నవ్వారు. మా ఆయన మొహం చూడాలి, పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

ఇంటికొచ్చాక, "తుడిచెయ్యండి" అన్నాను.

"అంతటాయన పిలిచి ఇస్తే తుడిచేస్తానా? రేపు చూస్తే వద్దన్నట్టు ఉండదూ?"

"ఉంటే ఉండనివ్వండి. కాలు ఆయనదా, మీదా?"

"నీకు తెలీదు, ఊరుకో సంపూర్ణం."

నాకు తెలీదట, నా మొహం! పొద్దున్నే అరుగు మీంచి ఆయన "రాశావురా?" అనడం, ఈయన "చిత్తం అయ్యగారూ" అని పాతదాని మీదే కొత్తది మెత్తడం. గట్టు దుమ్మంతా దానికే అంటుకుంది. మసీ ఇసకా కలిసి గొలుసుని నమిలేశాయి. పళ్ళచక్రం పళ్ళు సూదుల్లా తేలాయి. చాటుగా నేను తుడవబోతే నా మీద అంతెత్తున లేచారు.

దొరగారు చివరి పేటకి పరీక్షలు పెట్టడానికొచ్చిన రోజునే గట్టు మీద గొలుసు పుటుక్కున తెగింది. ఆ కాలు ఈడ్చుకుంటూ, బైసికిలు నెట్టుకుంటూ మా ఆయన చేరేసరికి పిల్లలు ఇళ్ళకి పోయారు. దొరగారు గొలుసు వేలితో ముట్టుకుని, "ఇది ఎవరు రాయమన్నారు?" అన్నారట. "నేనే రాశానండి" అన్నారట ఈయన. అయ్యగారి పేరెత్తితే పేట మొత్తానికి కోతలు పోతాయని భయం. భయమొక్కటే అయితే నాకింత మంట ఉండేది కాదు. ఆయన మీద మాట పడనివ్వడం ఇష్టం లేదు ఈయనకి! దొరగారు బైసికిలు పట్టుకుపోయారు. వచ్చే నెలనించి నడవగలిగినవాణ్ణి పంపిస్తామన్నారు.

నేను పడవెక్కి రాజమండ్రి వెళ్ళి, దొరగారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు కక్కేశాను.

ఆయన అంతా విని, నొచ్చుకున్నట్టే మొహం పెట్టి, "అయ్యో, వద్దని చెప్పాల్సింది సంపూర్ణమ్మా. మర్యాదగా వద్దనడానికి ఏమైంది?" అన్నారు.

"దొరగారూ, మీరూ మాకు ఎన్నో ఇచ్చారు. ఒక్కటైనా మీ ఎదుట వద్దన్నామా అండి, ఎప్పుడైనా?" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు.