మిద్దె మీద చౌడు

ఆ సోమవారం పొద్దున చెన్నకేశవరావు ఇంట్లో ఆయన, భార్య సుబ్బరత్నం, కప్పు కారిందని వినగానే వచ్చి వసారాలో కుర్చీ వేసుకున్న పక్కింటి బసవయ్య ఉన్నారు. ముగ్గురూ కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ పక్క వలస రైతుల కాంపులో స్థిరపడ్డవాళ్ళే. నాలుగో మనిషి ఆశన్న. మిద్దెలు వేయడంలో చేయి తిరిగినవాడు. అతన్ని ఇంట్లో ఉన్నాడనడం కూడా తప్పే, వాకిట్లోనే నిలబెట్టారు. అతని వెనక పదిహేనేళ్ళ కూతురు గంగామణి. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే పిల్ల.

ఎండాకాలమంతా ఆ ఇంటి ముందుగది కుంపటిలా కాగేది. మిద్దె మీద మట్టి పోసి కూరలు పెంచితే కింద చల్లగా ఉంటుందని రావుకు ఎవరో చెప్పారు. ఆశన్నను పిలిపించాడు. ఆశన్న కప్పును తూము వైపు వాటం చేసి, ముందు చౌడు పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాడు. కొట్టిన చౌడు బిగుసుకుని చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. దాని మీద నాలుగు వేళ్ళ మందాన కంకర పరిచాడు. ఇక చెరుకాకు పరవాలి, ఆపైన జానెడు మట్టి పోయాలి.

"చెట్టు తాగినన్ని తాగాలె బిడ్డా, మిగిలినయి కంకరలకెల్లి తూముల వడాలె. నడుమ ఆకు లేకుంటె మట్టి దిగి దారి మూస్తది" అని, తట్టలు అందిస్తున్న గంగామణికి చెప్పాడు.

అంతలో రుద్రూర్‌లో ఆశన్న మేనత్త పోయిందని కబురొచ్చింది. తండ్రీకూతుళ్ళు మూడు రోజులకు తిరిగొచ్చేసరికి మిద్దె నిండా నల్లమట్టి, రాత్రి కురిసిన వానకు గది నిండా నీళ్ళు. తప్పు మాత్రం ఆశన్నది.

"ఏవయ్యా, ఇదేనా నీ పనితనం? పరుపులు చూడు, పిండితే బిందె నిండేలా ఉన్నాయి!" అన్నాడు రావు.

"నా పని సగమే అయింది సారూ. ఆ మట్టి నేను పొయ్యలే."

"సగం పనికే ఇల్లు ముంచావు. మొత్తం చేస్తే గోదాట్లో కలిపేవాడివి" అని బసవయ్య నవ్వాడు. "వచ్చే వారం మా ఇంటి మిద్దెకి రమ్మన్నాను చూడు, రావద్దు. కాంపులో ఎవరింటికీ రానక్కర్లేదు."

ఆశన్న తల వంచుకున్నాడు. గంగామణికి ఒళ్ళు మండింది. ఈ మాట ఊళ్ళకు పాకితే ఇక బాపును ఏ మిద్దె ఎక్కనిస్తారు? గిర్రున తిరిగి మిద్దె కింది సందులోకి పోయింది. కొట్టం వెనక కంకరతో కలిసి కుప్పపోసి ఉంది చౌడు. పెళ్ళల మీద దిమ్మిస దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి. ఒక పెళ్ళ ఎత్తుకుని వచ్చింది.

"ఇది మా బాపు కొట్టిన చౌడు. ఎవలు తవ్విండ్రు?" అని రావు ముందు పెళ్ళ ఎత్తి చూపించింది.

"నేనే తవ్వించాను" అన్నాడు రావు. "తవ్వించక? చౌడులో గడ్డిపరకైనా మొలుస్తుందా? మావైపు చౌడు నేల ఉన్నవాడికి పిల్లనే ఇవ్వరు. నా తోటకి చౌడు పోస్తాడా!"

"చౌడు చెట్టుకు కాదు సారూ, మిద్దెకు! చెట్టుకు మీద పోసే మట్టి. మీరు చౌడు తీసి, కంకర తీసి, కాల్వ ఒండ్రు నింపిండ్రు. తూము సూడుండ్రి, మూసుకపోయింది. ఇగ నీళ్ళు ఎటు పోవాలె? మీ పరుపులల్లకే!"

బసవయ్య నవ్వు ఆగిపోయింది. "ఏంటి రావుగారూ, తవ్వించేశారా? నాతో చెప్పలేదే."

రావు ముఖం కందిపోయింది. "ఆశన్నా, పిల్లకి నోరు బాగా నేర్పావు. అంత శ్రద్ధ పనిలో ఉంటే బాగుపడేవాడివి" అని లేచి లోపలికి నడిచాడు. బసవయ్య కూడా కండువా దులుపుకుని ఆయన వెంటే పోయాడు.

"పోదాం పా బిడ్డా" అన్నాడు ఆశన్న మెల్లగా.

గంగామణి కదలలేదు. గుమ్మంలో ఉన్న సుబ్బరత్నాన్ని చూసింది. "అమ్మా, తవ్వినప్పుడు మీరు ఇంట్లనే ఉన్నరు గద. మా బాపు తప్పు లేదని బసవయ్య సారుకు ఒక్క మాట చెప్పుండ్రి. ఒక్కటే మాట."

"నేను ఆవేళే ఈయనతో అన్నాను, పనివాణ్ణి రానివ్వండీ అని..."

"రత్నం!" లోపలి నుంచి రావు కేక వినిపించింది.

సుబ్బరత్నం పెదవులు బిగించింది. "వెళ్ళమ్మా, ఎండెక్కుతోంది."

"గిప్పుడు నాకు చెప్పిన మాటనే బసవయ్య సారుకు చెప్పుండ్రమ్మా!"

సుబ్బరత్నం ఆ పిల్ల ముఖం చూడకుండానే తలుపు వేసేసింది.